నలభైమంది అల్లుళ్లు

డ్రైవర్‌ని చొక్కా పట్టుకుని కేబిన్‌లోంచి కిందికి లాగారు. వెనకే అతని పరుపుచుట్ట, స్టవ్వు, కూతురి ఫోటో వచ్చి యార్డు దుమ్ములో పడ్డాయి. ముప్పై అయిదు నెలలు కిస్తీ కట్టిన లారీ అది. ఇంకొక్క నెల కడితే సొంతమయ్యేది. సరిగ్గా ఆ నెలే కంపెనీ అతనికి ఒక్క లోడూ ఇవ్వలేదు. లోడు లేక కిరాయి లేదు, కిరాయి లేక కిస్తీ లేదు. కాగితం ప్రకారం బండీ పోయింది, కట్టిందంతా పోయింది.

చుట్టూ నలభైమంది డ్రైవర్లు నిలబడి చూశారు. ఆఫీసు మెట్ల మీద, సంతకం పెట్టాల్సిన అగ్రిమెంటు చేత్తో పట్టుకుని, కుంచె కూడా చూశాడు.

కుంచె అంటే లారీల మీద అక్షరాలు రాసే పెయింటరు. ఇరవై ఏళ్లు రాశాడు. ఇప్పుడు అందరూ స్టిక్కర్లు అంటించుకుంటుంటే పని లేక, నలభై రెండో ఏట హెవీ లైసెన్సు తీసుకున్నాడు. అడ్వాన్సు కింద కట్టబోయేది భార్య కుట్టుమిషన్ తొక్కి కూడబెట్టిన డబ్బు. అది పోతే ఇంట్లో మరో రూపాయి లేదు.

కంపెనీ నడిపే పెద్దమనిషి మహా మర్యాదస్తుడు. కొత్తగా వచ్చిన ప్రతి డ్రైవర్నీ ‘అల్లుడూ’ అంటాడు. అందుకే యార్డంతా ఆయన్ని మామగారు అంటుంది. కూల్‌డ్రింకు చేతికిచ్చి, భుజం తట్టి, నువ్వు జీతగాడివి కాదు, ఓనరువి అంటాడు. నిజమే. టైరు పేలితే ఓనరువి. చలానా పడితే ఓనరువి. బండిని దొంగలెత్తుకుపోతే తన మీదికి రాకూడదని, రెండు తాళాలూ ఓనరు దగ్గరే ఉండాలని కూడా కాగితంలో రాయించాడు.

ఆ మామగారే ఇప్పుడు ఖాళీ అయిన లారీ చూపించాడు.

“ఇదే నీ బండి అల్లుడూ. నువ్వెలాగూ పెయింటరువే. ఆ పాత పేరు కప్పేసి నీకు నచ్చింది రాసుకో. రేపు సంతకం పెడుదువుగాని.”

కుంచె తలెత్తి చూశాడు. లారీ నుదుటి మీద పసుపు రంగు మీద ఎర్రగా ‘చిన్నదాని నవ్వు’ అని ఉంది. నవ్వు కింద వత్తు తోక కాస్త పొడుగ్గా సాగింది. అలా సాగదీసేది ఊరు మొత్తంలో తనొక్కడే. ఆ పేరు రాసిన రోజు, దాని కింది పేరు మీద పసుపు పూసిందీ తనే. బండి చేతులు మారిందన్నారు. పూశాడు, కూలి తీసుకున్నాడు, ఇంటికెళ్లాడు.

కుంచె ఇంటికి తెచ్చిన అగ్రిమెంటు కాగితాలను భార్య మిషన్ బల్ల మీద పరుచుకుని, రవిక తిరగేసి కుట్టు చూసినట్టు ఒక్కో లైనూ చూసింది. ఒక్క నెలా తప్పకుండా కడతానని కుంచె పక్కనే కూర్చుని చెబుతూనే ఉన్నాడు. ఆమె చదవడం పూర్తిచేసి కళ్లద్దాలు తీసింది.

“ప్రతి లైన్లోనూ నువ్వే ఓనరువి. లోడు ఇవ్వడం, మానడం కంపెనీ ఇష్టం అన్నచోట మాత్రం కాదు. ఆ బండి మీద ఇప్పటికి ఎంతమంది పేర్లు రాశావు?”

కుంచె వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. అయిదుగురు.

“వాళ్లూ కడదామనే అనుకున్నారు. వాళ్ల పేర్లు చెరిపిందెవరు?”

కుంచెకు మొదట సిగ్గేసింది. తర్వాత ఆ సిగ్గే కోపంగా మారింది. మామగారి మీద అంత కసి తనలో ఉందని అప్పటిదాకా అతనికే తెలియదు.

అదే రోజు మధ్యాహ్నం పంక్చర్ షాపు వెనక డ్రైవర్లందరూ పోగయ్యారు. మాట మీద మాట లేచింది. యార్డు తగలబెడదామని కొందరన్నారు. తగలబెడితే ఇన్సూరెన్సు ఆయనకే వస్తుందని, అందరికన్నా ముసలివాడైన పెద్దాయన వాళ్లను కూర్చోబెట్టాడు. ఇంకో డ్రైవర్ లేచి, తనకి రెండు నెలలే మిగిలాయని, తనని ఇందులోకి లాగొద్దని చేతులు జోడించాడు.

పరుపుచుట్ట మీద కూర్చున్న మనిషి తలెత్తాడు. “నిన్నటిదాకా నాకు ఒక్క నెలే మిగిలింది అన్నా.”

ఆ తర్వాత ఎవరూ నెలలు లెక్కపెట్టలేదు. కుంచె లేచి నిలబడ్డాడు. “మీకు ముందున్నవాళ్ల పేర్లు కప్పింది ఈ చెయ్యే. రేపు గీకేదీ ఇదే.”

మర్నాడు పొద్దున్నే యార్డులో లారీలు సరుకుతో బారులు తీరాయి. సాయంత్రం ఓడ బయల్దేరేలోగా రేవు చేరాల్సిన సరుకు. పెద్దాయన తన బండిని గేటుకి అడ్డంగా పెట్టి ఇంజను ఆపేశాడు. మిగతావాళ్లు వెనకే, ఒకరికొకరు సందు లేకుండా ఆపేశారు. కుంచె నిచ్చెనెక్కి, థిన్నరు పూసి, పుట్టీ రేకుతో గీకడం మొదలుపెట్టాడు. ఒక్కో పొరా కొంచెం కొంచెం మిగిల్చాడు. ‘చిన్నదాని నవ్వు’ కింద ‘తమ్ముడి చదువు’, దాని కింద ‘అమ్మ చెమట’, ఆ కింద ఇంకో రెండు మెట్లుమెట్లుగా బయటపడ్డాయి. రెండో బండి నుదుట మూడు పేర్లు. పెద్దాయన బండి నుదుట నాలుగు. చూస్తున్నవాళ్ల ముఖాలు గట్టిపడ్డాయి. నిన్న చేతులు జోడించినవాడు తనే నిచ్చెన మోసుకొచ్చి తన బండికి ఆనించాడు.

మామగారు పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తన బళ్లు పాడుచేస్తున్నారని ఎస్సైకి చెప్పాడు. పెద్దాయన జేబులోంచి అగ్రిమెంటు తీసి ఎస్సై ముందు పెట్టాడు.

“ఓనరు నేనని ఇక్కడుంది సార్. నా బండి రంగు నేనే గీకించుకుంటున్నాను. కాదు, ఓనరు ఆయనే అంటారా, రెండేళ్లుగా నేను కొన్న టైర్లకీ, కట్టిన చలానాలకీ డబ్బులిప్పించండి.”

ఎస్సై మామగారి వైపు చూశాడు. ఔనన్నా చిక్కే, కాదన్నా చిక్కే. మామగారు చూపు తిప్పుకుని, కుంచె మొదట గీకిన బండి వైపు వేలు చూపించాడు.

ఓనరు లేని బండి ఒక్కటే ఉంది. నిన్న ఖాళీ చేయించిన లారీ. దానికి రంగు గీకినందుకు కుంచెను నిచ్చెన మీంచి దింపి కానిస్టేబులు రెక్క పట్టుకున్నాడు.

“పద, అత్తారింటికి.”

“మామగారు పంపిస్తుంటే వెళ్లకపోతే బాగుండదు కదా” అన్నాడు కుంచె. గేటు దగ్గర నిలబడ్డ భార్య చేతిలో పుట్టీ రేకు పెట్టి వ్యాను ఎక్కాడు.

వెనకే పెద్దాయన ఎక్కాడు. నువ్వెక్కడికని కానిస్టేబులు అడిగితే, నేనూ ఆయన అల్లుడినే అన్నాడు. పరుపుచుట్ట మనిషి ఎక్కాడు. నిచ్చెన తెచ్చినవాడు ఎక్కాడు. వ్యాను నిండిపోయింది. మిగతావాళ్లు దాని వెనక వరసగా నిలబడ్డారు, స్టేషనుదాకా నడవడానికి.

సరుకు గుర్తొచ్చి మామగారు పరుగెత్తుకొచ్చాడు. “అల్లుళ్లూ, తాళాలన్నా ఇచ్చి పోండి.”

పెద్దాయన కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి తాళాల గుత్తి ఆడించాడు.

“రెండు తాళాలూ ఓనరు దగ్గరే ఉండాలి మామగారూ. మీరు రాయించిందే.”

నలభై జేబుల్లో నలభై జతల తాళాలు స్టేషనుకి వెళ్లాయి. సాయంత్రం ఓడ ఆ సరుకు లేకుండానే వెళ్లిపోయింది.

పొద్దుగూకే వేళకి పక్క యార్డు డ్రైవర్లు ఇద్దరు కుంచె ఇంటి గుమ్మంలో నిలబడ్డారు. లోపల కుట్టుమిషన్ ఆగింది.

“వదినా, అన్న రంగు గీకే రేకు ఉందా?”

“ఉంది” అందామె. “పదును పెట్టి ఉంచాను.”