కూచునే చోటు

లజ్‌హర్ ప్రతి పొద్దునా ట్రక్కు వెనక భాగంలో రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించేవాడు. కడగడానికి కాదు. నేల తడిగా ఉంటే ఆడవాళ్ళు కూచోరు. కూచుంటే పదిహేను మందే పడతారు, నిలబడితే ముప్పై మంది. ఆలివ్ తోటలకు కూలీలని తోలే మేస్త్రీ అతను. ఈ నీళ్ళ విద్య అతను కనిపెట్టిందీ కాదు, అతనితో పోయేదీ కాదు. ముప్పై ఏళ్ళు నేను అలాగే వెళ్ళాను, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, తడిసిన చెప్పులతో. అది అన్యాయమని కూడా నాకు తోచలేదు. చలి అనుకునేదాన్ని, అంతే.

నవంబరు చివర్లో ఒక పొద్దున, వాగు మలుపు దగ్గర ట్రక్కు వెనక తలుపు గడియ ఊడింది. జీనా పడిపోయింది. నా పక్కనే నిలబడి ఉంది. నా చెయ్యి పట్టుకునే ఉంది. లజ్‌హర్ బండి ఆపి, దిగి, చూసి, "సరిగ్గా పట్టుకోవద్దూ?" అన్నాడు. చచ్చిపోయిన మనిషితో అన్నాడు ఆ మాట.

మూడో రోజు ఏడుపులు అయ్యాక అందరం జీనా చెల్లెలు జకియా ఇంట్లోనే ఉండిపోయాం. జకియా నోరు మంచిది కాదు, మనసు మంచిది. "సీట్లున్న బస్సు పెడితేనే పనికి పోదాం," అంది. "లేదంటే హాజీ కాయలు హాజీయే కోసుకుంటాడు." నాలుగు వేల చెట్ల ఆసామి హాజీ. చెట్టెక్కిన ముఖం కాదు.

సరే అన్నాం. అదేదో పెద్ద తిరుగుబాటని ఎవరమూ అనుకోలేదు. నడుములు పడిపోయిన ఆడవాళ్ళం, కూచుని పనికి పోతామన్నాం. లజ్‌హర్ వెళ్ళి అడిగొచ్చి, జిల్లా మొత్తం వెతికినా కూలీల కోసం బస్సు దొరకదని హాజీ అన్నాడని చెప్పాడు.

పది రోజులు ఇళ్ళలో కూచున్నాం. కాయ నల్లబడి రాలడం మొదలైంది. ఇక హాజీ దిగొస్తాడనుకున్నాం. పదకొండో రోజు లజ్‌హర్ ట్రక్కు మా ఇళ్ళ ముందు నుంచే పోయింది, కొత్త జనంతో. గినీ నుంచి, ఐవరీ కోస్ట్ నుంచి ఎడారి దాటి వచ్చినవాళ్ళు. ఇటలీకి పడవ దొరక్క, తోటల్లో ప్లాస్టిక్ పట్టాల కింద తలదాచుకుంటున్నారు. అందరూ నిలబడే ఉన్నారు.

ఆ సాయంత్రం ఉమ్దా, అంటే మా ఊరికి సర్కారు పెట్టిన పెద్దమనిషి, జకియా ఇంటికి వచ్చాడు. జీనా చస్తే గడప తొక్కని మనిషి.

"చూడండమ్మా," అన్నాడు. "మనదెంత దేశం? అరచేతంత. మన పిల్లలకే రొట్టె చాలట్లేదు. వీళ్ళంతా వచ్చి పడితే ఎక్కడ పెడతాం? మీ నోటికాడ కూడు లాక్కుంది హాజీ కాదు, వీళ్ళు. మీరు తరిమితే అడిగేవాడు లేడు. నేను చూసుకుంటా."

నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు తియ్యగానే ఉంది. హాజీ మీద కోపం మొయ్యడం కష్టం. అతనికి వకీళ్ళున్నారు, గోడలున్నాయి. వీళ్ళు చేతికందే దూరంలో ఉన్నారు. అలిసిపోయిన మనిషికి దగ్గర్లో ఉన్న శత్రువే కావాలి.

అతను వెళ్ళాక జకియానే అడిగాను. "మీ ఆయన ఇటలీ పోయి సిసిలీలో టమాటాలు కోస్తున్నాడు కదే. అక్కడివాళ్ళూ ఇట్లాగే అంటే?"

"ఆయన సంగతి వేరు."

"ఏం వేరు?"

"ఆయన పని చేసుకుంటున్నాడు."

"వీళ్ళేం పేకాడుతున్నారా?"

జీనా పోయాక మొదటిసారి ఆ ఇంట్లో నవ్వు వినబడింది. జకియా మాత్రం నవ్వలేదు. "పోయింది మా అక్క," అంది. "రేప్పొద్దున కాయలు దులిపే కర్రలు తీసుకురండి. రానివాళ్ళు నా మొహం చూడొద్దు."

వెళ్ళాం. నేనూ వెళ్ళాను. వాగు మలుపు దగ్గర రోడ్డుకి అడ్డంగా నిలబడి ట్రక్కు ఆపాం. లజ్‌హర్ మా చేతుల్లో కర్రలు చూసి, దిగకుండా అద్దం ఎత్తుకున్నాడు. జకియా వెనక తలుపు లాగింది. ఎదురుగా వీపున పసిబిడ్డను కట్టుకున్న ఒకామె. కాళ్ళకు చెప్పుల్లేవు, పాదాల కింద నీళ్ళు. చేతివేళ్ళు చీరుకుపోయి ఉన్నాయి. మేం మేక కొమ్ములు వేళ్ళకు తొడుక్కుని కొమ్మ దువ్వుతాం. వీళ్ళకి ఆ సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

జకియా కర్ర ఎత్తింది.

"కొడితే కొట్టు అక్కా," అంది ఆమె, బజారులో నేర్చిన మా భాషలో. "తొందరగా కొట్టు. నిలబడలేకున్నా."

"మేం పని ఆపుకుని కూచున్నామని తెలుసా నీకు?"

"లజ్‌హర్ చెప్పాడు. ఈ ఊరి ఆడోళ్ళకి పనితో అవసరం లేదంట. ఇటలీ నుంచి మొగుళ్ళు పంపిస్తున్నారంట."

జకియా మొగుడి దగ్గర్నుంచి కబురు లేక ఏడాది దాటింది. ఆమె కర్ర దించింది. "పంపిస్తున్నాడా? ఎవతెకి పంపిస్తున్నాడో కాస్త కనుక్కుని చెప్పు తల్లీ, పుణ్యముంటుంది."

అందరినీ దింపాం. ఖాళీ ట్రక్కుతో లజ్‌హర్ తిట్టుకుంటూ పోయాడు. రోడ్డు పక్కన కూచున్నాం, మేం ఒకవైపు, వాళ్ళు ఒకవైపు. ఆమె పేరు బింటూ. జీనా ఎలా పోయిందో నేనే చెప్పాను. బింటూ బిడ్డను వీపు మీంచి ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత, "నిన్న మావాడొకడు పడ్డాడు. చెయ్యి విరిగింది," అంది. "ఆసుపత్రికి పోతే పట్టుకుంటారని పట్టా కిందే పడుకోబెట్టాం."

"మీరు ఎక్కకపోయుంటే ఈపాటికి గెలిచేవాళ్ళం," అంది జకియా. అబద్ధం కాదు.

"ఎక్కకపోతే ఏం తినాలి?" అంది బింటూ. అదీ అబద్ధం కాదు.

మధ్యాహ్నం దాకా కీచులాడుకున్నాం. మాలో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకతను, "ఈరోజు మమ్మల్ని ఆపారు, రేపు మీరే ఎక్కరని ఏం నమ్మకం?" అన్నాడు. చివరికి జకియా లేచి పావడా దులుపుకుంది. "సీట్లొచ్చేదాకా ఎవరూ ఎక్కం. మీరూ ఎక్కరు, మేమూ ఎక్కం. ఇంటికి ఒకరో ఇద్దరో రండి. రొట్టె, నూనె ఉన్నాయి. అంతకుమించి అడగొద్దు, లేదు."

వాళ్ళు పద్దెనిమిది మంది. కాగితాలు లేనివాళ్ళకి చోటిస్తే జైలని మాకు తెలుసు. బింటూ నా ఇంటికొచ్చింది.

రాజధాని నుంచి వచ్చిన పిల్లలు మీరు. చిన్న దేశం పరాయి కూలీలని రానివ్వాలా వద్దా అని నన్ను అడుగుతున్నారు. నాకు దేశం లెక్కలు తెలియవు. బింటూ వచ్చాక నా ఇంట్లో రొట్టె సన్నబడింది, అది దాచను. రాత్రి బిడ్డ ఏడిస్తే విసుక్కున్నాను కూడా. కానీ ఆరు రోజులు లజ్‌హర్ ఖాళీ ట్రక్కుతో తిరిగాడు. ముప్పై ఏళ్ళలో అలాంటిది చూడలేదు.

ఏడో రోజు బస్సు వచ్చింది. తెల్లటి బస్సు, అద్దాలున్నది, ముప్పై సీట్లున్నది. సర్కారు గార్డులు, పోలీసుల్లాంటివాళ్ళు, తెచ్చారు. బింటూవాళ్ళందరినీ ఎక్కించుకుని ఎడారి సరిహద్దు దగ్గర దింపేసి రావడానికి తెచ్చారు. జిల్లా మొత్తం వెతికినా దొరకదన్న బస్సు.

గార్డులు ఇల్లిల్లూ తిరిగి వాళ్ళని లాక్కొస్తున్నారు. ముందు నడుస్తూ ఇళ్ళు చూపిస్తున్నది ఉమ్దాయే. బింటూని నా వాకిట్లోంచే తీసుకుపోయారు. నేను వెంట నడిచి బస్సు దాకా వెళ్ళాను. అప్పటికే జకియా ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి, ముందు సీట్లో కూచుని ఉంది. నేనూ ఎక్కాను. నా వెనక మరొకామె, ఆమె వెనక మరొకామె. సీట్లన్నీ నిండాయి.

ఉమ్దా తలుపు దగ్గరకొచ్చాడు. "దిగండే. మీకు మతిపోయిందా?"

"దేశంలో చోటు లేదంటివి," అంది జకియా. "ట్రక్కులో మాత్రం ముప్పై మందికి చోటు చేశారే."

అధికారి కుర్రవాడు, కాస్త మర్యాదస్తుడు. "దిగమ్మా, ఇది మీకోసం వచ్చింది కాదు," అన్నాడు నాతో.

"తెలుసు నాయనా. మాకోసం ఎప్పుడూ రాలేదు."

అతను గంటసేపు ఫోన్లు మాట్లాడాడు. మేం కదల్లేదు. చివరికి పైనుంచి ఏం చెప్పారో గానీ, సరిహద్దు సంగతి తర్వాత చూద్దామన్నాడు. చోటిచ్చినవాళ్ళనీ, ఉన్నవాళ్ళనీ కలిపి పట్నం పోలీసు స్టేషనుకే తోలమన్నాడు. ఆ కేసు ఇంకా నడుస్తోంది. జకియా ఇంకా లోపలే ఉంది. వాగుకి అవతల మూడు ఊళ్ళలో ఈ సోమవారం నుంచి ఎవరూ ట్రక్కు ఎక్కడం లేదు.

ఆ రోజు పద్దెనిమిది మందినీ మా మధ్యకి ఎక్కించారు. సీట్లు ఖాళీ లేవు. "మీరు నిలబడండి," అన్నాడు గార్డు వాళ్ళతో.

నేను కిటికీ వైపు జరిగి బింటూ చెయ్యి పట్టి లాగాను. జకియా జరిగింది. వెనక అందరూ సర్దుకున్నారు. ఇద్దరి చోట ముగ్గురం, కొన్నిచోట్ల నలుగురం ఇరుక్కున్నాం. బిడ్డ నా ఒళ్ళో నిద్రపోయింది. వాగు మలుపు దాటి పట్నం దాకా, ఆ బస్సులో గార్డు తప్ప ఎవరూ నిలబడలేదు.