మాగుడు గదికి చేరిన మెయిళ్ళు

వెస్టర్‌హోల్మ్ దీవిలో పాల సంఘం డెయిరీకి పొద్దున్నే మొదట వచ్చేది ఆస్గెర్. మాగుడు గది తలుపు తీసి, చెక్క అరల మీద వరసగా మాగుతున్న చీజ్ దిమ్మల్ని చిన్న సుత్తితో తట్టి, చెవి ఆనించి, ఏది పండిందో ఏది పండలేదో తేల్చుకుంటాడు. ఆ తర్వాత సిసెల్ వస్తుంది. ఆఫీసులో కాఫీ పెట్టుకుని, వెన్న రాసిన రై రొట్టె తింటూ సంఘానికి వచ్చిన మెయిళ్ళు చూస్తుంది. చాలాకాలంగా ఆ ఇద్దరి పొద్దూ అలాగే మొదలవుతోంది.

సభ్యులకు వారం వారం వంటల కబుర్లు మెయిల్ చేయాలన్నది అధ్యక్షుడు గుడ్మున్ ఆలోచన. చీజ్ సూపు గురించి ఎన్నిసార్లని చదువుతారు? విసిగిపోయిన జనం స్పామ్ బొత్తం నొక్కారు. దాంతో సంఘం అడ్రసుకే చెడ్డపేరొచ్చి, బిల్లులూ ఆర్డర్లూ కూడా స్పామ్‌లోనే పడసాగాయి. చేసేది లేక, నోటీసులు పంపడానికని విడిగా కొత్త డొమైన్ కొన్నారు. దాన్ని నిలబెట్టే పని సిసెల్ నెత్తిన పడింది.

డొమైన్ అమ్మిన కంపెనీ పేజీలో కొన్ని రికార్డులు అతికించాలి. ఈ పేరుతో మెయిల్ పంపే హక్కు ఎవరికుందో చెప్పేది ఒకటి. కింద సంతకం అసలుదేనని చెప్పేది ఒకటి. సంతకం కలవకపోతే ఆ మెయిల్‌ని ఏం చేయాలో చెప్పేది మరొకటి. చదువుతున్నంతసేపూ అర్థమైనట్టే ఉండేది, కళ్ళు పక్కకి తిప్పితే మళ్ళీ మొదటికొచ్చేది. అయినా అతికించింది. అతికించి, ఆ సోమవారమే సభ్యులందరికీ మొదటి నోటీసు పంపింది.

ఆ నోటీసు మామూలుది కాదు. అవతలి ఒడ్డున ఉన్న పెద్ద కంపెనీ ఒకటి డెయిరీని కొంటానంది. శనివారం ప్రత్యేక సభ. సభ్యుల్లో సగం మందైనా రాకపోతే పాలకవర్గమే సంతకం పెట్టేయొచ్చు. సంతకం పడితే ఆ చలికాలానికల్లా డెయిరీ మూతపడుతుంది.

పోనీ ఫోన్లు చేద్దామా అంటే అదీ కుదరదు. వెనకెప్పుడో ఎవరో తన చుట్టాలకే ముందుగా కబురు చేశాడట. అప్పట్నుంచీ నోటీసు అందరికీ రాతలోనే, ఒకే ఘడియలో వెళ్ళాలని నియమం. ఒకరికి ముందూ ఒకరికి వెనకా అన్న మాట ఆ దీవిలో బూతు కింద లెక్క.

మర్నాడు ఆస్గెర్ సుత్తి పట్టుకునే ఆఫీసులోకి వచ్చాడు.

“సిసెల్, నీ మెయిళ్ళు నా గదిలో ఉన్నాయి.”

“ఎన్ని?”

“అన్నీ ఉన్నట్టున్నాయి. కొత్త అరల్లో ఏ దిమ్మని తట్టినా పేరు పిలిచి ‘గౌరవ సభ్యులకు’ అని మొదలెడుతోంది. ఇలాగైతే పండిందో లేదో నేనెట్లా తెలుసుకునేది?”

సిసెల్ కాఫీ కప్పుతోనే కిందికి దిగింది. ఆస్గెర్ తట్టిన దిమ్మ గొంతు సవరించుకున్నట్టు గురగురమని, “ఇంగెబోర్గ్, ఇంగెబోర్గ్,” అని నోటీసు చదవసాగింది. పక్క దిమ్మ, “లౌరిట్స్, లౌరిట్స్,” అంది. ఒక్కో దిమ్మకీ ఒక్కో సభ్యుడు.

సిసెల్ పైకొచ్చి డొమైన్ కంపెనీకి ఫోన్ చేసింది. అవతల ఒక అమ్మాయి ఓపిగ్గా విని, “దిమ్మలు పేరు ఎన్నిసార్లు అంటున్నాయి?” అని అడిగింది.

“రెండుసార్లు.”

“అయితే సంతకం రికార్డులో డొమైన్ పేరు రెండుసార్లు పడి ఉంటుంది. మా పేజీ దానంతటదే కలుపుతుంది. మీరూ రాసినట్టున్నారు.”

చూస్తే అంతే. సరిచేసి మళ్ళీ పంపింది. దిమ్మలు పేరు ఒక్కసారే అన్నాయి గాని అరల మీంచి కదల్లేదు. పంపే హక్కు రికార్డులు రెండున్నాయి, ఒకటే ఉండాలంది ఆ అమ్మాయి. సిసెల్ ఒకటి తీసేసింది. దిమ్మలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. తీసింది అసలుదని తెలిసి, అది పెట్టి రెండోది తీసింది. మళ్ళీ గురగుర మొదలైంది. ఏది చేస్తే ఏమవుతోందో సిసెల్‌కి అంతుపట్టలేదు. తప్పు తనదో, పేజీదో, చీజ్‌దో తెలీక తల దిమ్మెక్కిపోయింది.

“ఇప్పుడన్నీ బాగానే ఉన్నాయి,” అంది చివరికి ఆ అమ్మాయి. “కానీ అడ్రసు కొత్తది. మొదటి రోజే అంతమందికి పంపితే మెయిల్ కంపెనీలు దొంగ అనుకుంటాయి. ముందు కొద్దిమందికి పంపాలి. వాళ్ళు తెరిచి చదివాక మెల్లగా పెంచాలి. కొన్ని వారాలు పడుతుంది.”

“మాకు సభ శనివారం.”

“ఇంతకంటే దారి లేదండీ,” అంది ఆ అమ్మాయి.

గుడ్మున్‌కి చెబితే కళ్ళజోడు తీసి ఎగాదిగా చూశాడు. “ముందు కొద్దిమందికా? ఎవరికి, మీ వీధి వాళ్ళకా?”

సిసెల్ ఆ ఆలోచన అక్కడితో మానుకుంది.

గురువారం ఆస్గెర్ మళ్ళీ వచ్చాడు, ఈసారి సుత్తి లేకుండా. “నోటీసు చివర్లో ఒక వాక్యం ఉంది. అదీ పంపావా?”

“ఏ వాక్యం?”

“‘దీన్ని అమ్మకండి, నాకు ఇంకో చోటు తెలీదు,’ అని.”

సిసెల్ మొహం ఎర్రబడింది. రాసిన మాట నిజమే. పంపేముందు చెరిపేసిందీ నిజమే. ఆఫీసులో కూర్చున్నవాళ్ళు ఓటింగులో ఒక పక్షం పట్టకూడదు, పడితే ఉద్యోగం పోతుంది. చేరని మాటలతో పాటు చెరిపిన మాటలూ దిమ్మల్లోకే పోతాయని ఆమెకేం తెలుసు?

“సభ ముందురోజు సభ్యుడికో దిమ్మ ఇవ్వడం మన ఆనవాయితీ కదా. రేపు బండి ఎక్కించాలి,” అన్నాడు ఆస్గెర్. “పాత అరలో మాట్లాడని దిమ్మలున్నాయి, అవి ఎక్కించమంటే అవే ఎక్కిస్తాను. ఇవి ఎక్కిస్తే సభ సంగతి అందరికీ తెలుస్తుంది, నీ సంగతీ తెలుస్తుంది. ఏది ఎక్కించను?”

“గుడ్మున్ ఊరుకుంటాడా? అందరికీ ఒకే ఘడియలో చేరాలి.”

“నా సుత్తి తగలకపోతే, కొయ్యందే అవి నోరు తెరవవు. శనివారం పొద్దున దీవి దీవంతా ఒకే వేళకి రొట్టె మీదికి చీజ్ కోసుకుంటుంది. అంతకంటే సమానం ఇంకేముంది?”

సిసెల్‌కి భయం వేసింది. ఈ ఉద్యోగం పోతే ఆ దీవిలో ఇంకొకటి దొరకదు. డెయిరీయే పోతే అసలేదీ ఉండదు. ఎటు ఆలోచించినా అక్కడికే వచ్చి ఆగింది.

“మాట్లాడేవే ఎక్కించు. ఎవరి పేరుది వాళ్ళకే ఇవ్వు,” అంది.

శనివారం మధ్యాహ్నానికి సభ హాలు కిక్కిరిసింది. కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. అమ్మేద్దామనేవాళ్ళలో ముందుండే ప్రెబెన్ అందరికంటే ముందు లేచాడు.

“ఆఫీసు ఒక పక్షం పట్టింది. అమ్మొద్దని నోటీసులోనే రాసింది. సిసెల్‌ని తీసేయాలి.”

గుడ్మున్ సిసెల్ వైపు చూడకుండానే, “ఆ మెయిల్ నీకు చేరిందా?” అని అడిగాడు.

“మెయిల్ కాదు, చీజ్ చెప్పింది.”

“చీజ్ మన ఉద్యోగి కాదు.” నవ్వులు సద్దుమణిగే దాకా ఆగి, హాలు కేసి తిరిగాడు. “ఆఫీసు మెయిల్ చేరినవాళ్ళు చేతులెత్తండి.”

ఒక్క చెయ్యీ లేవలేదు.

“చేరని మెయిల్లో చెరిపేసిన వాక్యం గురించి మన నియమాల్లో ఏమీ లేదు. కూర్చో, ప్రెబెన్. వచ్చినవాళ్ళు సగానికి మించే ఉన్నారు, ఓటింగు మొదలుపెడదాం.”

అమ్మాలని లేచిన చేతులు మొదటి రెండు వరసల్లోనే అయిపోయాయి.

జనం వెళ్ళాక సిసెల్ కుర్చీలు మడుస్తుంటే గుడ్మున్ వచ్చి ఆ చివరి నుంచి మడవడం మొదలుపెట్టాడు. ఇద్దరూ వరస మధ్యలో కలిశారు.

“సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను,” అన్నాడు. “నెల కిందటే మనసులో ఖాయం చేసుకున్నాను.”

“మరి?”

“పొద్దున మా ఇంట్లో చీజ్ కోశాను. ఆ వాక్యం చదివింది. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచీ నా ఎదురుగా కూర్చుని ఎవరూ అంత మనసు విప్పి మాట్లాడలేదు.” చేతిలో కుర్చీని గోడకి ఆనించి, అది జారకుండా ఓసారి నొక్కి చూశాడు. “నాకూ ఇంకో చోటు తెలీదు, సిసెల్.”