ఉత్తుత్తి గెంతు

ఆదివారం పొద్దున సెలూన్‌లో కుర్చీ ఖాళీగా ఉండదు. గడ్డాలకు వచ్చినవాళ్ళు బెంచీ మీద సర్దుకు కూర్చుని, ఒకే పేపరును తలా ఒక ముక్క పంచుకుంటారు. ఆ రోజు ఆటల పేజీ దక్కిన పెద్దమనిషి అందులోని ఫొటో చూసి, "ఇది మీ అమ్మాయి వాలీబాల్ ఆడే కాలేజీ కదయ్యా, ఇందులో మీ పిల్లేదీ?" అన్నాడు. షాపు యజమాని సబ్బు నురగ చేత్తోనే వంగి చూశాడు. గాలిలో బంతిని బాదుతున్న పిల్ల పక్కన, ఫొటో అంచు దగ్గర తెగిపోయిన ఒక చెయ్యి కనిపించింది. "ఇదిగో, ఈ చెయ్యి మాదే" అన్నాడు. బెంచీ అంతా నవ్వింది. "మిగతా పిల్ల పేపర్లో ఎప్పుడు పడుతుందయ్యా?" అని ఒకాయన అంటే ఆయనా నవ్వాడు.

వెనకగదిలో తువ్వాళ్ళు మడతపెడుతున్న కూతురు నవ్వలేదు. తండ్రి లోపలికొచ్చి, "ఆ పిల్లని చూసి నేర్చుకోరాదూ? నీ పొడుగుకి నువ్వు ఇంకెంత పేరు తెచ్చుకోవాలి" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. మనమంతా మన పిల్లలతో ఈ మాట అనేవాళ్ళమే. మంచికే అన్నామనుకుంటాం, అది వాళ్ళ కడుపులో ఏం రాజేసిందో మాత్రం తిరిగి చూడం.

జట్టులో ఆయన కూతురిని 'నిచ్చెన' అని పిలిచేవారు. ఫొటోలో బంతి బాదిన పిల్ల 'పిడుగు'. నిచ్చెన మిడిల్ బ్లాకర్, అంటే వలకు నట్టనడుమ నిలబడే మనిషి. అవతలివాళ్ళు కొట్టిన బంతికి చేతులు అడ్డం పెట్టాలి. మనవాళ్ళు కొట్టే వేళ, బంతి తనకే వస్తున్నట్టు పరుగెత్తి గెంతి, గాలిలో చెయ్యి ఎత్తాలి. అది నమ్మి అవతలి మిడిల్ బ్లాకర్ తనతోపాటు గెంతుతుంది. ఆ రెప్పపాటులో బంతి అంచుకు వెళుతుంది. అక్కడ పిడుగు ఎదుట ఒక్క మనిషే ఉంటుంది. పిడుగు బాదుతుంది, జనం ఊగిపోతారు. నిచ్చెన ఉత్త చేతులతో కిందికి దిగుతుంది. జట్టువాళ్ళు దీన్ని 'ఉత్తుత్తి గెంతు' అనేవారు. ఆ పేరు వినపడినప్పుడల్లా నిచ్చెనకు ఒళ్ళు మండేది.

మొదట్లో ఇద్దరూ ఒక కంచంలో తిన్నవాళ్ళే. రెండో ఏడాదికి పిడుగు నవ్వినా నిచ్చెనకు గర్వంలాగే కనిపించసాగింది. కష్టం నాది, పేరు దానిదీ అనుకునేది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేనేమో అనుకునేది. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే కుళ్ళు అంటారని దానికీ తెలుసు.

అంతలో ఫైనల్ వచ్చింది. ఆడపిల్లలకు ఆటతోపాటు ఉద్యోగమిచ్చే ఒక పెద్ద కంపెనీ తన జట్టుకు ఒకరిని ఎంచుకోడానికి మనిషిని పంపుతోందని కాలేజీ అంతా పాకింది. నిచ్చెనకు ఆ ఉద్యోగం ఎలాగైనా కావాలి. డిగ్రీ అయ్యాక ఆట ఆపి షాపులో తువ్వాళ్ళు ఉతకాల్సిందేనని ఇంట్లో ముందే తేల్చేశారు. కానీ ఆయన వచ్చేది ఇంకెవరికోసం, పిడుగు కోసమే కదా. అందరూ అదే అన్నారు. బట్టలు మార్చుకునే గదిలో పిడుగు జడ బిగించుకుంటూ, "నాకు భయంగా ఉందే, కాస్త పక్కనే ఉండు" అంది. నిచ్చెన బూటు తాడు కట్టుకుంటూ తలెత్తలేదు.

ఆట మొదలైంది. మూడో బంతికి నిచ్చెన పరుగెత్తింది గానీ గెంతలేదు. పాదాలు కాస్త లేపి దింపేసింది. అవతలి మిడిల్ బ్లాకర్ తెలివైంది. ఇది ఉత్తదేనని పసిగట్టి అంచుకు పరుగెత్తింది. పిడుగు ఎదుట ఇప్పుడు ఇద్దరు. కొట్టిన బంతి వాళ్ళ చేతులకు తగిలి తిరిగొచ్చి పిడుగు కాళ్ళ దగ్గరే పడింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నిచ్చెనకు మాత్రం నాలుక మీద తీపి తగిలింది, ఆ తీపి కోసమే మళ్ళీ అదే పని చేసింది.

మొదటి సెట్ పోయింది. రెండో సెట్ నడుమ జనం పిడుగును చూసి ఈలలు వేశారు. కోచ్ మేడమ్ పిడుగును బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ సెట్ కూడా పోయాక విరామంలో నిచ్చెన దగ్గరకొచ్చి, "కాలు నొప్పా?" అని అడిగింది.

"లేదు మేడమ్."

"అయితే నొప్పి ఇంకెక్కడో ఉంది" అనేసి వెళ్ళిపోయింది.

పిడుగు మొహం తుడుచుకుంటూ వచ్చి, "నిచ్చెనా, నా చెయ్యి పడిపోయిందే. నువ్వు పక్కనే ఉండి చూస్తున్నావుగా, నేనెక్కడ తప్పు చేస్తున్నానో చెప్పవే" అంది.

"నిద్ర చాలలేదేమో" అంది నిచ్చెన. పిడుగు అదీ నమ్మి తల ఊపింది. నిచ్చెన దాని మొహం చూడలేక అటు తిరిగి మోకాలిపట్టీ సర్దుకుంది. మూడో సెట్‌లో మేడమ్ పిడుగును మళ్ళీ దింపింది. నిచ్చెన ఒళ్ళు దాచుకోకుండా గెంతింది గానీ, పిడుగు చెయ్యి ఇక దారికి రాలేదు. ఆ సెట్‌తో ఫైనలూ పోయింది.

వలలు చుట్టిపెట్టే గదిలో కోచ్ మేడమ్ ఒక్కతే ఉంటే, నిచ్చెన వెళ్ళి గుమ్మంలో నిలబడింది. "మేడమ్, ఆ కంపెనీ ఆయన పిడుగు గురించి ఏమన్నారు?"

"ఆయన పిడుగు కోసం రాలేదే" అంది మేడమ్, వల చుట్టడం ఆపకుండా. "బంతి కొట్టేవాళ్ళు వాళ్ళకు చాలామంది ఉన్నారు. మిడిల్‌కి మనిషి కావాలన్నాడు. బంతి రాదని తెలిసీ ప్రతిసారీ ప్రాణం పెట్టి గెంతే పిల్ల మా దగ్గరుందని నేనే రప్పించాను. చెబితే కంగారుపడతావని చెప్పలేదు. రెండు సెట్లు నిన్నే చూశాడు. 'మీరు చెప్పిన పిల్ల ఇవాళ రాలేదా అమ్మా' అని అడిగి వెళ్ళిపోయాడు."

నిచ్చెన గోడకు ఆనుకుంది. ఏడుపు కూడా రాలేదు. "నన్నెవరూ చూడరనుకున్నాను మేడమ్" అంది.

"అలా అనుకునేలా చేసింది మేమేలే. చప్పట్లన్నీ ఆఖరి దెబ్బ కొట్టినవాళ్ళకే ఇస్తాం. నేనూ నిన్ను నలుగురిలో ఎన్నడూ మెచ్చుకోలేదు. ఆ తప్పు నాది, నేను దిద్దుకుంటాను. కానీ ఇవాళ్టిది నీది, అది నేను దిద్దలేను."

బయట మెట్ల మీద పిడుగు ఒంటరిగా కూర్చుని ఉంది. నిచ్చెన పక్కన కూర్చుని, పాదాలు లేపి దింపిన సంగతి దాచకుండా చెప్పేసింది. పిడుగు తిట్టలేదు. తన కుడిచేతిని తిప్పి చూసుకుంది.

"దీన్లో సత్తువ పోయిందనుకున్నానే. రేపట్నుంచి ఆట మానేస్తానని ఇందాకే మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను" అంది. చెప్పి, లేచి, నిచ్చెన కోసం ఆగకుండా నడిచి వెళ్ళిపోయింది.

నిచ్చెన ఆ మెట్ల మీదే ఉండిపోయింది. మెప్పు దక్కనందుకు మనిషి బాధపడొచ్చు, నోరు తెరిచి అడగనూ వచ్చు. కానీ ఆ కడుపుమంటను తన పని మీద చూపిస్తే, పక్కవాళ్ళ కంటే ముందు కాలిపోయేది తన చెయ్యే.