మీ సుస్తీ, మా సుస్తీ

చిలకలగూడలో ఆ గల్లీ సగానికి సగం సాదిక్ కుట్టిన పరుపుల మీదే నిద్రపోతుంది. అలాంటి సాదిక్‌కే నిద్ర కరువైంది. రాత్రంతా కళ్ళు తెరుచుకుని పడుకుంటాడు, తెల్లవారాక కళ్ళు మూసుకుని పడుకుంటాడు. రెండూ నిద్ర కావని పక్కనే పడుకునే భార్య ఖుర్షీదాకు తెలుసు.

ఇంటి ముందు గదే వాళ్ళ దుకాణం. ఈ మధ్య దాని షట్టర్ మోకాలెత్తుకు మించి లేవడం లేదు. పిల్లులు మాత్రం వంగకుండా లోపలికి వచ్చి, దూది బస్తాల మీద దర్జాగా పడుకుని పోతున్నాయి. పై అంతస్తులో అద్దెకుండే సీతామహాలక్ష్మి గారి పరుపు సగం కుట్టి, మిగతా సగం నోరు తెరుచుకుని, నేల మీద అలాగే ఉంది.

అది సగంలో ఎందుకు ఆగిందో ఖుర్షీదాకు తెలుసు. సాదిక్ అన్న లాల్ ఉన్నన్నాళ్ళూ అన్నదమ్ములిద్దరూ పరుపుకు చెరో కొసన కూర్చుని, దబ్బనంతో టాకాలు వేసుకుంటూ మధ్యకు వచ్చేవారు. మధ్యలో కలుసుకోగానే ఎవరి టాకాలు వంకరో తేలాలి. అది తేలేది కాదు. ఆ పోట్లాట వినడానికి పక్క హోటల్లో చాయ్ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకుని మరీ వచ్చి నిలబడేవారు. గతేడు రంజాన్‌కు కాస్త ముందు లాల్ గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత సాదిక్ తన కొస నుంచి కుట్టుకుంటూ మధ్య దాకా వచ్చేవాడు. మిగతా సగానికి లేచి అవతల కూర్చోవాలి. అది అన్న చోటు. కొన్నాళ్ళు ఎలాగో కూర్చున్నాడు. కొన్నాళ్ళకు లేవడం మానేశాడు. ఆ తర్వాత పడుకున్నాడు.

మనిషి మంచం పడితే కారణం చెప్పేవాళ్ళకు కొదవుండదు. ఎవరో దిష్టి పెట్టారన్నారు కొందరు. ఫోమ్ పరుపులు వచ్చి దూది పరుపుల గిరాకీ తగ్గిందిగా, ఆ బెంగే అన్నారు చాయ్ హోటల్ వాళ్ళు. ఆడబిడ్డ షాగుఫ్తా అయితే కార్ఖానాలోని అత్తారింటి నుంచి వచ్చి ఆటో దిగీ దిగగానే తీర్పు చెప్పేసింది.

"ఈయన చిన్నప్పటి సంది గింతే వదినా. నాయిన ఏమని పిలిచేటోడు? సుస్తోడా, ఇటు రారా అని. సుస్తీ ఈయన ఒంట్లనే ఉంది. ఇన్నేండ్లు లాల్ అన్న ఉన్నడు కాబట్టి కనవడలే."

గోడవైపు తిరిగి పడుకున్న సాదిక్ ఆ మాట విన్నాడు. కాదని అనలేదు. అదే ఖుర్షీదాను భయపెట్టింది. ఒకప్పుడు చెల్లెలు ఒక మాటంటే పది మాటలు తిరిగి అనే మనిషి, ఇప్పుడు ఎవరేమన్నా సంతకం పెట్టేసేలా ఉన్నాడు.

కూతురు మిస్బా డిగ్రీ చదువుతోంది. పద్మారావు నగర్‌లో కల్పలత అనే సైకాలజిస్టు గురించి ఎవరినో అడిగి తెలుసుకుని, శనివారం పొద్దునకు అపాయింట్‌మెంట్ తీసుకుంది. శనివారం రానే వచ్చింది. ఖుర్షీదా ఇస్త్రీ చొక్కా తెచ్చి మంచం మీద పెట్టింది. సాదిక్ దాన్ని పక్కకు జరిపాడు.

"నేను రాను. బీమారి ఉంటే డాక్టర్ దగ్గరికి పోతరు. నాకేముంది? జరమా, దగ్గా?"

"మరి ఎందుకు లేస్తలేరు?"

"చెప్పింది కద షాగుఫ్తా. సుస్తీ."

"జెర లేవుండ్రి. పిల్ల ఎంత తిప్పలవడి..."

"సుస్తీకి సుత ఫీజు కడతరా ఎవరన్నా? నవ్వుతరు."

ఖుర్షీదా మంచం కోడు పక్కన కూలబడింది. ఈ రోజు పోకపోతే ఈ మనిషి ఇక ఎప్పటికీ పోడని ఆమెకు అనిపించింది. తలుపు దగ్గర మిస్బా చెప్పులు వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకుంది.

సరిగ్గా అప్పుడే మెట్లు దిగి వచ్చింది సీతామహాలక్ష్మి. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి ముప్పై ఏళ్ళు దాటినా ఆవిడ మాట మాత్రం రైలెక్కినప్పటి మాటే. ఒక చేతిలో వంకాయ కూర గిన్నె, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్ళు.

"ఖుర్షీదా, నా పరుపు సంగతి అడుగుదామని వచ్చానే. కింద దుప్పటి పరుచుకుని పడుకుంటుంటే నడుము పట్టేస్తోంది. అదేవిటి, సాదిక్ గారు ఇంకా పడుకునే ఉన్నారు?"

సాదిక్ మొహమాటంగా లేవబోయి, లేవలేక, "ఏం లేదక్కా, సుస్తీ" అన్నాడు.

"అయ్యో. ఎప్పట్నించి?"

"చాన దినాలాయె."

ఆవిడ గిన్నె ఠపీమని గూట్లో పెట్టింది. "చాన్నాళ్ళ నించి సుస్తీగా ఉంటే డాక్టరుకి చూపించకుండా మంచం పక్కన కూర్చున్నావేవిటే?"

"సుస్తీకి డాక్టర్ ఎందుకక్కా?" అన్నాడు సాదిక్.

"సుస్తీకి కాకపోతే డాక్టరు దేనికండీ, పేరంటానికా?"

"మందులుంటయా దానికి?"

"ఎందుకుండవు? మా ఇంట్లో ఎవరికి సుస్తీ చేసినా మొదట రోడ్డు మీద క్లినిక్కుకే పరిగెడతాం."

సాదిక్ మోచేతి మీద లేచాడు. "మీ ఇంట్ల సుత ఉందా?"

"సుస్తీ లేని ఇల్లెక్కడుంటుంది? మా ఆయన రిటైరైన ఏడాదంతా సుస్తీయే. మా అత్తగారైతే సుస్తీతోనే పోయింది, మహాతల్లి. ఎంత పనిమంతురాలనీ. తెల్లారేసరికి ఇల్లంతా అద్దంలా ఉంచేది."

"పనిమంతురాలంటిరి. మళ్ళ సుస్తీ ఏందక్కా?"

"పనిచేసేవాళ్ళకి సుస్తీ చెయ్యదా ఏంటి?"

సాదిక్ లేచి కూర్చున్నాడు. ఆయన ముఖంలో అయోమయం తప్ప ఇంకేమీ లేదు, కానీ చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో ఏదో ఒకటి ఉంది. తలుపు దగ్గరి మిస్బా మొదట నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేక గోడకు ఆనుకుని జారి కూర్చుని నవ్వింది.

"నాయినా, వాళ్ళ తెలుగుల సుస్తీ అంటే తబియత్ మంచిగ లేకపోవుడు. బీమారి." అటు తిరిగి, "ఆంటీ, మా ఇంట్ల సుస్తీ అంటే పని దొంగతనం" అంది.

సీతామహాలక్ష్మి బుగ్గన వేలు పెట్టుకుంది. "రామ రామ. మా అత్తగారిని పనిదొంగని చేశాన్నమాట."

"మరి మా సుస్తీని మీరేమంటరు?" అడిగాడు సాదిక్.

"బద్ధకం అంటాం. కానీ మీకు బద్ధకం ఏవిటండీ? మా తమ్ముడున్నాడు, తాతారావు. వాడిదీ బద్ధకం అంటే. మూడు పూటలా నిండా తిని, గురక పెట్టి పడుకుని, లేచి మళ్ళీ టిఫినేవిటని అడుగుతాడు. మీరు తింటున్నారా?"

"సగం రొట్టె" అంది ఖుర్షీదా.

"నిద్ర?"

"లేదు" అన్నాడు సాదిక్.

"బద్ధకానికి సుఖం ఉండాలి కదండీ. సుఖం లేని బద్ధకం నేనెక్కడా చూళ్ళేదు. ఇది మా సుస్తీయే."

అప్పుడు సాదిక్ గొంతులోంచి చిన్న చప్పుడు వచ్చింది. దగ్గేమో అనుకుంది ఖుర్షీదా. నవ్వు. "లాల్ అన్న ఉంటేనా," అన్నాడు, "అక్క ముచ్చట చెప్పుకుంట వారమంత నవ్వేటోడు." ఆ మాట పూర్తయ్యేలోపే కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేత్తోనే ఇస్త్రీ చొక్కా దగ్గరకు లాక్కున్నాడు.

కల్పలత గది ఒక బేకరీ పైన ఉంది. మెట్ల నిండా బన్నుల వాసన. ఆమె సాదిక్‌ను చాలా సేపు మాట్లాడించింది. ఆయన ఎక్కువసేపు మాట్లాడింది పరుపుల గురించే. తర్వాత ఖుర్షీదాను కూడా లోపలికి పిలిచింది.

"కారణం ఒకటే ఉంటుందనుకోకండి" అంది. "అన్నగారు పోవడం పెద్ద దెబ్బ. ఆయనతో పాటు రోజూ ఉండే చిన్న చిన్న సంతోషాలు కూడా పోయాయి. ఆ పోట్లాట, ఆ చాయ్, చూసి నవ్వే నలుగురు. సంతోషం తగ్గితే మనిషి పడుకుంటాడు. పడుకుంటే సంతోషం ఇంకా తగ్గుతుంది, అప్పుడు ఇంకా పడుకుంటాడు. అదొక చక్రం. చక్రం తిరిగేటప్పుడు ఎప్పుడో చిన్నప్పుడు విన్న మాట ఒకటి లేచి వస్తుంది. ఏం జరిగినా దానికి ఆ మాటే కారణమని చెప్తుంది. అవునా సాదిక్ గారూ?"

సాదిక్ ఒప్పుకున్నాడు. గిరాకీ ఫోమ్ దుకాణానికి పోతే తన సుస్తీ వల్లే. మొన్న ఆరబెట్టిన దూది తడిస్తే తన సుస్తీ వల్లే.

"వాన కూడా మీ సుస్తీ వల్లే పడిందా?" అడిగింది కల్పలత.

ఖుర్షీదాకు నవ్వు వచ్చింది కానీ భర్త వైపు చూసి ఆపుకుంది. తీరా చూస్తే ఆయనే నవ్వుతున్నాడు. చాయ్ హోటల్ వాళ్ళన్నదీ, షాగుఫ్తా అన్నదీ, తాను అనుకున్నదీ అన్నీ తలా ఒక పోగు అని ఖుర్షీదాకు అప్పుడు అర్థమైంది. ఎవరి పోగు వాళ్ళు పట్టుకుని అదే మొత్తం గుడ్డ అనుకున్నారు.

కల్పలత నిద్ర కోసం ఇంకో డాక్టరుకు చీటీ రాసిచ్చింది, మళ్ళీ మళ్ళీ రమ్మంది. ఇంటి దగ్గర చేయడానికి ఒక పని కూడా చెప్పింది. రోజూ కాసేపు షట్టర్ పూర్తిగా ఎత్తి, దుకాణంలో కూర్చోవాలి. మనసు పుట్టినా, పుట్టకపోయినా. కుట్టకపోయినా సరే.

ఏదీ ఒక్కరోజులో బాగుపడలేదు. కొన్ని రోజులు షట్టర్ లేచింది, కొన్ని రోజులు లేవలేదు. లేచిన రోజున పిల్లులకు కోపం వచ్చింది. ఒక సాయంత్రం ఖుర్షీదా దబ్బనంలో దారం ఎక్కించుకుని, సగం పరుపుకు అవతలి కొసన, లాల్ కూర్చునే చోట, చెప్పకుండా వెళ్ళి కూర్చుంది. సాదిక్ ఆమె వైపు చూశాడు. ఏమంటాడోనని ఆమె తల ఎత్తలేదు. అలాగే కుట్టుకుంటూ మధ్యకు వచ్చింది.

"ఏం టాకాలివి?" అన్నాడు చివరికి. "చీమలు తాగి నడిచినట్టున్నయి."

"మీవి ఏం సీదా ఉన్నయి?"

"దారం వట్టి చూద్దామా?"

"చూడుండ్రి."

గొంతులు పెరిగాయి. చాయ్ హోటల్లోంచి ఒకాయన గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఆ పరుపు మీద పడుకున్న సీతామహాలక్ష్మి, ఒకవైపు తిరిగితే మెత్తగా, ఇంకోవైపు తిరిగితే గడ్డలుగా ఉందని ఇప్పటికీ చెప్తుంది. సాదిక్ మార్చి కుట్టి ఇస్తానంటే మాత్రం వద్దంటుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఒక అలవాటు వచ్చింది. సాదిక్ పొద్దున లేవకపోతే ఖుర్షీదా చాయ్ చేతిలో పట్టుకుని మంచం దగ్గరకొచ్చి అడుగుతుంది.

"ఇయ్యాల ఏ సుస్తీ? మనదా, అక్కదా?"

అక్కదే అంటే ఆమె చాయ్ పక్కన పెట్టి ఆయన దగ్గర కూర్చుంటుంది, తొందరపెట్టదు. అలాంటి పొద్దులు ఇంకా వస్తూనే ఉన్నాయి, కాకపోతే అరుదుగా.

మొన్న వాన పడ్డ పొద్దున కూడా అడిగింది. సాదిక్ దుప్పటి ముఖం మీదికి లాక్కుని, లోపలినుంచి జవాబు చెప్పాడు.

"మనదే. ఒట్టి మనదే. ఇంకొంచెం సేపు పండనియ్యి."

ఖుర్షీదా ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత నవ్వుకుంటూ దుప్పటి గుంజి పడేసింది.