గొంతు ఆగితే హుక్కు ఆగాలి

క్రేన్ నడిపేవాడికి కింద ఏం జరుగుతోందో కనపడదు. కింద నిలబడ్డ మనిషి హెడ్‌సెట్‌లో "దించు, దించు, దించు" అని ఆపకుండా చెబుతూ ఉండాలి. ఆ గొంతు ఒక్క క్షణం ఆగినా హుక్కు ఆపేయాలి. ప్రాణాలు కాపాడే రూలు అదే. రేవులో మా మేనత్త చేసే పని ఆ గొంతు ఉద్యోగమే.

కొన్ని నెలలుగా ఆ గొంతు వణుకుతోంది. ఉత్తి వణుకైతే సర్దుకుపోవచ్చు, మధ్యలో తెగుతోంది కూడా. "దించు, దిం..." అంతే. పైనున్న ఆపరేటర్, అందరూ గద్ద అని పిలిచేవాడు, టక్కున బ్రేక్ వేస్తాడు. ఇనుప కడ్డీల కట్ట గాల్లో ఊగుతూ ఉండిపోతుంది. కింద లారీలు హారన్లు కొడతాయి.

ఒకరు చలిగాలి అన్నారు, ఒకరు అల్లం నమలమన్నారు. సూపర్‌వైజర్ మాత్రం ఒకే మాట పట్టుకున్నాడు.

"మీకు ధైర్యం సడలిందమ్మా. నెలాఖరులోగా సరిచేసుకోండి. లేదంటే స్టోర్‌లో కూర్చోవాల్సిందే."

"నట్లు, బోల్టులు లెక్కపెట్టడానికా నేను పుట్టింది?" అని అత్త ఇంటికొచ్చి నా మీద అరిచింది. అరుపు కూడా మూడు ముక్కలైంది.

మాటలు అర్థం చేసుకునే ప్రోగ్రాములు రాయడం నా పని. రహస్యంగా అత్త గొంతు రికార్డు చేసి మా ప్రోగ్రాముకి వినిపించాను. అది "జంతువు" అని తేల్చింది. ఆ సంగతి అత్తకి చెప్పేంత ధైర్యం నాకు లేదు. బతిమాలి గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ "ఆ" అని సాగదీయమంది. అత్త సాగదీసింది. "ఆ" కాస్తా గతుకుల రోడ్డు మీద ఆటో అయింది. తర్వాత ముక్కులోంచి సన్నటి కెమెరా దించి తెర మీద చూపించింది. స్వరతంత్రులు, చుట్టూ ఉన్న కండరాలు, అన్నీ ఒకే లయలో ఊగుతున్నాయి. అత్త ఊరికే ఊపిరి పీల్చుకుంటున్నా ఊగుతున్నాయి.

"ఇది భయం కాదండీ. భయానికి ఇంత క్రమశిక్షణ ఉండదు," అంది డాక్టరమ్మ. "మెదడు నుంచి కండరాలకి వెళ్ళే ఆజ్ఞలోనే వణుకుంది. మీ ఇంట్లో ఎవరికైనా చేతులు వణికేవా?"

"మా అమ్మకి. టీ పోస్తే సగం కప్పులో, సగం సాసర్లో. వయసు అనుకున్నాం."

పూర్తిగా పోయే జబ్బు కాదట, అదుపులో పెట్టచ్చట. మాత్రలున్నాయి గానీ అత్తకి ఉబ్బసం కాబట్టి అవి పనికిరావు. మిగిలింది గొంతు కండరంలోకి బొటాక్స్ ఇంజెక్షన్. అది కండరాన్ని బలహీనపరిచి వణుకు తగ్గిస్తుంది. కొన్ని నెలలకోసారి మళ్ళీ వేయించుకోవాలి. మొదట్లో కొన్నాళ్ళు గొంతు గాలిలా వస్తుంది, నీళ్ళు తాగితే పొలమారుతుంది.

"ముడతలకి వేసేదేగా? మిగిలితే మొహానికి కూడా కొట్టండి డాక్టరుగారూ," అంది అత్త. ఆమె వేళ్ళు మాత్రం నా చెయ్యి నలిపేస్తున్నాయి.

ఇంజెక్షన్ అయింది. చెప్పినట్టే గొంతు గాలైపోయింది. తెగడం లేదు గానీ, పక్క గదిలోకి కూడా వినపడదు. సరిగ్గా అప్పుడే సూపర్‌వైజర్ ఫోను: రేపు పరీక్ష, రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటా.

"గొంతు కుదురుకోనీ అత్తా."

"కుదురుకునేలోపు నా హెడ్‌సెట్ ఇంకొకళ్ళ నెత్తి మీదుంటుందే."

వెంట నేనూ వెళ్ళాను. ఆ హెడ్‌సెట్ ఒక స్థాయి దాటిన శబ్దాన్నే పైకి పంపుతుంది. అత్త గాలి గొంతు ఆ స్థాయి దాటడం లేదు. ఇంజినీరింగ్ చదివిన తెలివి కదా, మీట తిప్పి ఆ స్థాయి తగ్గించేశాను. గద్దకి గొంతు అందింది. నేను కాలర్ ఎగరేశాను.

ఖాళీ స్థలంలో ఒక ప్లాస్టిక్ స్టూలు పెట్టారు. సిమెంటు దిమ్మని దాని మీదికి తెచ్చి, తగలకుండా ఆపాలి. "దించు, దించు..." అత్త గుసగుస. దిమ్మ దిగింది. అత్త నోరు మూసింది.

దిమ్మ దిగుతూనే ఉంది.

పక్కన కంప్రెసర్ బుస్సుమంటోంది. అప్పుడు నాకు వెలిగింది. మీట తగ్గించాను కాబట్టి ఆ బుస్సు కూడా పైకి పోతోంది. గద్ద చెవిలో ఆ బుస్సుకీ అత్త గాలి గొంతుకీ తేడా లేదు. అత్త ఇంకా మాట్లాడుతోందనే అతను అనుకుంటున్నాడు. కేక వేద్దామంటే ఈసారి నా గొంతు రాలేదు.

అత్త అత్యవసరానికని మెడలో వేసుకునే విజిల్ ఊదింది. దిమ్మ ఆగింది. అప్పటికే స్టూలు నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి చాపి పడుకుంది.

"తప్పు నాది సార్. మీట నేనే తిప్పాను," అన్నాను.

"అయితే సరిచేయండి. ఇంకోసారి చూద్దాం." సూపర్‌వైజర్ ముఖంలో రక్తం లేదు.

నేను మీట వైపు చెయ్యి చాపాను. ఈలోపే అత్త హెడ్‌సెట్ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"వద్దు సార్," అంది, పొలమారుతూ. "ఈ గొంతు పెట్టుకుని హుక్కు కింద ఎవర్నీ నిలబెట్టను. ఇది కుదురుకునేదాకా స్టోర్‌లోనే ఉంటా."

"గొంతు రాకపోతే?"

అత్త స్టూలు ముక్కలు ఏరుతోంది.

"సరే, అప్పుడు చూద్దాం," అన్నాడాయన. ఏ ఆఫీసులోనైనా ఆ మాటకి అర్థం ఒకటే.

తర్వాతి రోజులు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. అత్త దగ్గినా ఉలిక్కిపడేదాన్ని. ఆమె పొద్దున్నే నట్లు లెక్కపెట్టడానికి వెళ్ళేది, సాయంత్రం స్వర చికిత్స కసరత్తులు చేసేది. ఇద్దరం ఆ మాటే ఎత్తేవాళ్ళం కాదు.

ఒక ఆదివారం నేను తడి తువ్వాలు పరుపు మీద పడేశాను.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? పరుపు కంపు కొడుతోంది, చదువుకున్నావు, సంపాదిస్తున్నావు, తువ్వాలు ఆరేయడం మాత్రం రాదు, రేపు నేను లేకపోతే ఈ ఇల్లు చెరువైపోదూ?"

తిట్టు పూర్తయ్యాక గానీ నాకు తట్టలేదు. అది ఎక్కడా తెగలేదు. చివర్లో సన్నటి అల ఒకటి ఉంది, అంతే.

"అత్తా, మళ్ళీ తిట్టు."

"మతి పోయిందా?" అంది. అని, తన మాట తనే విని ఆగిపోయింది. చెయ్యి గొంతు మీదికి వెళ్ళింది. కాసేపటికి ఫోన్ తీసి సూపర్‌వైజర్ నంబరు నొక్కింది.

"సార్, నేనే. రేపు ఇంకోసారి చూద్దామా? కంప్రెసర్ ఆపక్కర్లేదు. మా పిల్లని మాత్రం లోపలికి రానివ్వకండి."