జోగమ్మ ఒడిలోని బరువు

రైల్వే కార్ఖానా మొదటి కూత వేసేసరికే జోగమ్మ కుంపటి రాజేసి, గంజి కాచి, కూతురు సింహాచలంతో మైదానానికి బయలుదేరేది. సింహాచలం హైజంపుకి పరుగు తీసే ముందు ఒంటి బరువంతా తల్లి ఒడిలో పెట్టేది. ఇసకలోకి దిగే క్షణంలో తల్లి తిరిగి ఇచ్చేసేది. కన్న ఒడిలో తప్ప అది ఎక్కడా నిలవదు. పక్క క్వార్టరు సూసన్న ఓసారి సరదాకి పట్టుకోబోతే నీళ్ళలా జారిపోయింది. పోటీలకి ఏ ఊరు వెళ్ళినా అధికారులు ఇసక గుంట పక్కన జోగమ్మకి పీట వేయించేవారు. గెలిచిన కప్పులతో కిటికీ నిండిపోయింది.

కార్ఖానాలో పనిచేసే భర్త తవిటయ్య పోయిన ఏడు జోగమ్మకి మరుపు మొదలైంది. ముందు కూరలో రెండుసార్లు ఉప్పు పడింది. తరవాత ఇరుగుపొరుగు పేర్లు పోయాయి. ఒకరోజు కూతురి బరువు ఇవ్వడం మరిచి, దానితోనే గోల్ బజారుకి వెళ్ళిపోయింది.

"ఏటి జోగమ్మా, మెట్టెక్కలేకపోతన్నావు? పిల్లని దించకుండా వచ్చీసినావేటి?" అన్నాడు కిరాణా కొట్టు కొండలరావు.

జోగమ్మ ఆ బరువుతోనే పడుతూ లేస్తూ మైదానానికి తిరిగొచ్చేసరికి సింహాచలం గోలుపోస్టు పట్టుకుని గాలిపటంలా ఊగుతోంది.

"ఏడవకే అమ్మా. ఇంకాసేపైతే కాకులు నా నెత్తిమీద గూడెట్టీసును," అని నవ్వింది.

జోగమ్మ నవ్వలేదు. తవిటయ్య పేరు మీది క్వార్టరు ఖాళీ చెయ్యమంటున్నారు. ఆటల్లో ఎంపికై సింహాచలానికి రైల్వే ఉద్యోగం వస్తేనే ఆ నీడ నిలుస్తుంది. లేదంటే తల్లీకూతుళ్ళకి ప్లాట్‌ఫారమే గతి.

ఎంపిక రోజు దారంతా జోగమ్మ "దిగేటప్పుడు ఇచ్చీయాల, దిగేటప్పుడు ఇచ్చీయాల" అని గొణుక్కుంటూ నడిచింది. గుక్కెడు నీళ్ళు తాగితే మాట జారిపోతుందేమోనని దాహం కూడా చంపుకుంది.

మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. అది చివరి ఎత్తు, సింహాచలానికి చివరి అవకాశం. బరువు తల్లి ఒడిలో పెట్టి పరుగెత్తింది.

బరువు వెచ్చగా ఉంది. జోగమ్మ మోకాళ్ళు వాటంతటవే ఊగసాగాయి. నోట్లో మాట ఎక్కడో ఆగిపోయింది. ఎవరో పొడుగాటి పిల్ల కర్ర మీదుగా తేలిపోతోంది. ఎవరి బిడ్డో, పడిపోతుందేమో పాపం, అనుకుంది.

సింహాచలం కర్ర తగలకుండా దాటి ఇసక మీద వాలింది. ఇసక చెదరలేదు.

"దాగ్ కోయ్? గుర్తేదీ?" అన్నాడు బెంగాలీ జడ్జి దాదా. "పాదం గుర్తు పడాలి దీదీ. పడకపోతే దిగినట్టు కాదు." ఎర్రజెండా చేతిలోకి తీసుకున్నాడు గాని ఎత్తలేక నిలబడిపోయాడు.

సింహాచలం పీట అంచు పట్టుకుని వంగింది. "అమ్మా, ఇచ్చీవే."

"ఎవులమ్మా నువ్వు?" జోగమ్మ ఒడి మూసుకుంది. "నా పిల్ల ఇప్పుడే పడుకుంది. లేపకు."

"లాగీసుకోయే! ఇల్లు పోతాదే!" వెంట వచ్చిన సూసన్న ఏడుస్తూ అరిచింది.

సింహాచలం చెయ్యి చాపింది. తల్లి కళ్ళలో బెదురు చూసి వెనక్కి తీసుకుంది.

"వదినా," అంది. "కుళాయి కాడ నీ వొంతు వొచ్చింది. బిందె నింపుకో. అందాకా పిల్లని నానెత్తుకుంతాను."

కుళాయి దగ్గర అలా అడిగిన మనిషిని కాలనీలో ఏ తల్లీ కాదనదు. జోగమ్మ కూడా ఎందరి పిల్లల్నో ఎత్తుకున్నదే.

"మెడ జాగర్త," అంటూ అందించింది.

సింహాచలం పాదాలు చీలమండల దాకా ఇసకలో దిగాయి. తెల్లజెండా లేచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

జోగమ్మ బిందె కోసం అటూ ఇటూ చూసింది. ఖాళీ ఒడి తడుముకుంది. "నా పిల్లేదీ? నా పిల్లేదమ్మా?" ఆ కేకకి, పేరు రాసుకుంటున్న జడ్జి తల ఎత్తలేకపోయాడు.

"ఇదిగో వదినా. నిద్దర సెడనేదు."

సింహాచలం బరువంతా మళ్ళీ ఆ ఒడిలో పెట్టేసింది. ఆ రోజు తిరిగి అడగలేదు. తరవాతా అడగలేదు. ఉద్యోగం వచ్చింది, క్వార్టరు నిలిచింది, ఆమె మాత్రం మరి ఎన్నడూ దూకలేదు.

ఆ పూట జోగమ్మ ఒడి పొదువుకుని లేచింది. పక్కన కాళ్ళు నేలకి అందక తూలుతున్న పిల్లని చూసి జాలిపడింది.

"నీకెవులూ నేరేటమ్మా?" అని చిటికెన వేలు అందించింది.

సింహాచలం ఆ వేలు గట్టిగా పట్టుకుని, నేల తాకకుండా, ఇంటిదాకా ఆమె వెనకే వెళ్ళింది.