మంచి మోకాలికి కట్టు

లీగ్‌లోకి కొత్తగా నాలుగు జట్లు వస్తున్నాయని తెలిసిన రోజు నుంచి ఆ హాల్లో అందరి నోటా ఒకటే మాట, విస్తరణ. కోచ్ విస్తరణ అంటుంది, టిక్కెట్లు చింపే ఆయన విస్తరణ అంటాడు, నేల తుడిచే ఆవిడ కూడా చీపురు ఆపి విస్తరణ అంటుంది. ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ అంటే నిన్నమొన్నటి దాకా ముక్కు విరిచినవాళ్లు ఇప్పుడు ఎగబడుతున్నారు. బిస్కెట్ల కంపెనీకి ఒక జట్టు కావాలట, రంగుల కంపెనీకి ఒకటి కావాలట. బొంగరానికి ఆ మాట చెవిన పడితేనే ఒళ్లు మండేది.

బొంగరం ఆ జట్టు కెప్టెన్. చేతిలో బంతితో ఒంటికాలి మీద గిర్రున తిరిగి ఎదుటివాళ్లను బోల్తా కొట్టిస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. అసలు పేరు కన్నతల్లి కూడా మర్చిపోయింది. జట్టు కోచ్ ఆమెకు సొంత అక్క. హాల్లో కోచ్, ఇంట్లో అక్క. ఒకే మేడలో కింది వాటాలో అక్కా బావా ఉంటారు, పై వాటాలో అమ్మా బొంగరమూ.

కొత్త జట్లకు ఆడేవాళ్లు ఆకాశం నుంచి ఊడిపడరు కదా. అందుకని లీగ్ పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. పాత జట్టు ఒక్కొక్కటీ ఏడుగురిని మాత్రం తనకే అని అట్టిపెట్టుకోవచ్చు. మిగిలినవాళ్లలోంచి కొత్త జట్లు తమకు నచ్చినవాళ్లను ఏరుకుపోతాయి. ఏరుకుంటే ఊరు వదిలి వెళ్లాల్సిందే, నాకు ఇష్టం లేదంటే కుదరదు.

బొంగరం కోరుకున్నది పెద్ద కోరికేం కాదు. ఈ హాల్లో, ఈ జట్టుతో ఇంకొక్క సీజను ఆడాలి. ఒకరు పొమ్మనకముందే తనంతట తాను దిగిపోవాలి. ఆ ఏడుగురిలో తను ఉంటానా లేదా అని ఆమెకు అనుమానమే రాలేదు. సొంత అక్క కోచ్‌గా ఉండగా అనుమానమెందుకు?

అక్క ఆమెను బంతులు పెట్టే గదిలోకి పిలిచి తలుపు వేసింది. కుర్రపిల్లలు ఏడుగురు ఉన్నారని, వాళ్లలో ఎవరిని వదిలినా కొత్త జట్లు గద్దల్లా తన్నుకుపోతాయని చెప్పింది. అందుకని బొంగరాన్ని ఆ ఏడుగురిలో పెట్టడం లేదంది.

"నిన్ను పెట్టను. అలాగని పోనివ్వను కూడా," అంది అక్క.

"అదెలా?"

"మిగిలిన మ్యాచ్‌ల్లో కాస్త కుంటు."

బొంగరం నవ్వింది. అక్క నవ్వలేదు. మోకాలు పోయినదాన్ని ఏ జట్టూ తీసుకోదని, ఎంపిక అయిపోగానే నీ కాలు నీదేనని, వచ్చే సీజను కెప్టెన్‌వి నువ్వేనని, దానికి తనదే పూచీ అని చెప్పింది. ఆ తర్వాత జట్టు ఫిజియోను లోపలికి పిలిచింది. ఆవిడ పొడుగాటి కట్టు గుడ్డ చేత్తో పట్టుకుని, ఏమీ ఎరగనట్టు, "ఏ కాలు?" అని అడిగింది.

"కుడిది. ఎగరడానికి దానికి ఎడమ కాలు కావాలి," అంది అక్క.

అలా నిక్షేపంలాంటి మోకాలికి కట్టు పడింది.

ఇంట్లో కూడా నిజం చెప్పొద్దంది అక్క. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. అమ్మ టీవీలో కూతురు కుంటడం చూసి అల్లాడిపోయింది. బొంగరం ఇల్లు చేరేసరికి నీళ్లు కాచి, పాత తువ్వాలు ముంచి, కాపడం పెట్టడానికి సిద్ధంగా కూచునేది. "ఇక్కడా? ఇక్కడా?" అంటూ వేళ్లతో నొక్కి చూసేది. బొంగరం కళ్లు మూసుకుని అక్కడే అనేది. అమ్మ వేళ్లు తగిలిన చోటల్లా చర్మం ఒలిచి పారేయాలనిపించేది.

హాల్లో సంగతి ఇంకా అన్యాయం. ఒక మ్యాచ్‌లో విరామం తర్వాత పరధ్యానంగా ఎడమ కాలు కుంటింది. కట్టేమో కుడి కాలికి ఉంది. అంత మంది చూస్తున్నారు కదా, ఒక్కరు కనిపెడితే ఒట్టు. టీవీలో వ్యాఖ్యానం చెప్పే పెద్దమనిషి మాత్రం నొప్పి రెండో కాలికి కూడా పాకినట్టుందని నిట్టూర్చాడట. ఇంతకాలం వీళ్లా నా ఆట చూసింది అనుకుంది బొంగరం. ఆ పూట ఇంటికెళ్లి అన్నం ముట్టలేదు.

సీజను చివరి మ్యాచ్‌లో ఎదుటి జట్టులో గోడ ఉంది. గోడ అంటే ఏళ్ల తరబడి మోచేతులతో బొంగరం పక్కటెముకలు లెక్కపెట్టిన మనిషి. ఆవిడకు కూడా అదే ఆఖరి మ్యాచ్. బిస్కెట్ల జట్టుకు కోచ్‌గా వెళ్తోందని అందరికీ తెలుసు. ఆ రోజు గోడ మోచెయ్యి ఎత్తలేదు. బొంగరం బంతి పట్టుకుని వస్తే పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. పైగా భుజం తట్టి, మెల్లగా వెళ్లమంది. దీనికంటే ఆ పోట్లే నయమనిపించింది బొంగరానికి.

ఆట ముగియబోతుండగా బంతి ఎవరి చేతిలోంచో జారి గీత వైపు దొర్లింది. రెండు అంగలు వేస్తే అందుతుంది. కాళ్లు అప్పటికే కదిలాయి. బెంచీ దగ్గర అక్క లేచి నిలబడి కళ్లురిమి చూసింది. బొంగరం ఆగిపోయి, మోకాలు పట్టుకుని వంగింది. బంతి గీత దాటిపోయింది, మ్యాచ్ కూడా పోయింది. హాలంతా లేచి నిలబడి పాపం పాపం అంటూ చప్పట్లు కొట్టింది.  బొంగరం బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లి, సింకు పట్టుకుని వాంతి చేసుకుంది.

"నొప్పికి అలాగే అవుతుంది," అంది ఫిజియో, అన్నీ తెలిసి.

ఎంపిక రోజున బొంగరం పేరు ఎవరూ ఎత్తలేదు. అక్క పరిగెత్తుకొచ్చి కావిలించుకుంది. "చూశావా? నిన్ను ఒక్కరూ ముట్టుకోలేదు," అంది. సంబరంగానే అంది. బొంగరం అక్క చేతులు విడిపించుకుంది.

మర్నాడు గోడ ఫోను చేసింది.

"నిన్నే తీసుకుందామన్నాను. కెప్టెన్‌గా. మోకాలు చూసి మావాళ్లు వెనకాడారు. నేను పట్టుబడితే ఒప్పుకునేవాళ్లే. ఇక నిన్ను బాధపెట్టడమెందుకులే అని నేనే ఊరుకున్నాను. కాలు జాగ్రత్త."

నిజం బొంగరం నాలుక చివరిదాకా వచ్చింది. బయటపెడితే అక్క ఉద్యోగం పోతుంది. మింగితే తన నోరే తనకు కంపు కొడుతుంది. చివరికి మింగేసింది. మాటలు కూడగట్టుకుని థాంక్స్ చెప్పి ఫోను పెట్టేసింది.

పోనీలే, ఇంకొక్క సీజను ఉంది కదా అనుకుంటూ ఉండగా జట్టు యజమాని పిలిపించాడు. ఆయనకు పరుపుల కంపెనీ ఉంది. ఆఫీసు గదంతా కొత్త ఫోము వాసన. అక్క అప్పటికే వచ్చి కుర్చీ చివర కూచుని ఉంది. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. జట్టుకు బొంగరం చేసిన సేవ మరువలేనిదన్నాడు. కొత్త జట్లు వచ్చాక పోటీ పెరుగుతుందన్నాడు. ఇక విశ్రాంతి తీసుకోవాలని, తమ దగ్గర తయారయ్యే వాటిలోకెల్లా మెత్తని పరుపు ఇంటికి పంపిస్తానని చెప్పాడు.

"నా మోకాలికి ఏమీ లేదు సార్," అంది బొంగరం.

ఆయన జాలిగా నవ్వాడు. ఆడేవాళ్లందరూ చివర్లో ఇదే మాట అంటారట. అక్క వైపు తిరిగాడు. "మీరు చెప్పండి కోచ్ గారూ. ఎలా ఉంది ఆ మోకాలు?"

అక్క బల్ల మీద ఉన్న పరుపు ముక్కను వేలితో నొక్కింది. అది లోపలికి దిగి మళ్లీ పైకి లేచేదాకా చూసింది.

"బాలేదు సార్," అంది.

మెట్లు దిగుతూ అక్క చెయ్యి పట్టుకోబోయింది. నిజం చెబితే జట్టునే లీగ్‌లోంచి గెంటేస్తారని, ఆ కుర్రపిల్లల గతేం కావాలని, కాస్త అర్థం చేసుకోమని బతిమాలింది. బొంగరానికి అంతా అర్థమైంది. అర్థమైనకొద్దీ అక్క ముఖం చూడబుద్ధి కాలేదు. కుర్రపిల్లల పేరు చెప్పి తన కుర్చీ కాపాడుకుంటోంది. ఇక నోరు మూసుకుని మంచి కాలికి కట్టు కట్టించుకున్న బొంగరం, తనేం తక్కువ తిన్నదని?

కొత్త సీజను మొదటి మ్యాచ్‌కు ముందు సన్మానం పెట్టారు. హాల్లో కొత్త జట్ల జెండాలు వేలాడుతున్నాయి, బిస్కెట్లవీ రంగులవీ. మొదటి వరసలో అమ్మ, బావ. యజమాని పూలగుత్తి పట్టుకుని మధ్య గీత మీద నిలబడ్డాడు. కట్టు కట్టుకుని రమ్మని ముందే కబురు పెట్టారు, ఫోటోలో బాగుంటుందట. పేరు పిలవగానే అక్క చెవి దగ్గర వంగింది. "కాస్త కుంటుతూ వెళ్లవే. ఈ ఒక్కసారికి."

బొంగరం పక్కనున్న పిల్ల చేతిలో బంతి లాక్కుని పరిగెత్తింది. యజమానిని దాటేసింది. బుట్ట ముందు ఆగి, కట్టు ఉన్న ఆ కుడి కాలి మీదే, శరీరం బరువంతా మోపి గిర్రున తిరిగింది. ఎడమ కాలితో ఎగిరి బంతి బుట్టలో వేసింది. దిగి, వెనక్కి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. హాలు గప్‌చుప్. ఇప్పుడు తెలిసింది కదా, ఉమ్మేయండి, నా మీదా మా అక్క మీదా కలిపి ఉమ్మేయండి అన్నట్టు అందరి ముఖాలూ చూసింది. నెలల తర్వాత మొదటిసారి ఊపిరి తేలిగ్గా ఆడింది.

మైకులో పేర్లు చదివే ఆయన గొంతు వణికింది. "అంత బాధలోనూ... ఆ మోకాలితోనూ..." అంటూ ఆయన మాట పూర్తిచెయ్యలేకపోయాడు. హాలు దద్దరిల్లింది. మనుషులు ఏడుస్తున్నారు. యజమాని పూలగుత్తితోనే కళ్లు ఒత్తుకున్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఫిజియో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

బొంగరం వంగి కట్టు విప్పి నేలకేసి కొట్టింది. హాలు మనిషి ఒకతను పరుగున వచ్చి దాన్ని రెండు చేతులా తీసుకున్నాడు, అద్దాల బీరువాలో పెడతారట.

అక్క దగ్గరికొచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి, ఆ తడి నిజమో కాదో బొంగరానికి ఇక తెలియలేదు.

"ఇంటికి రావే. అన్నీ మాట్లాడుకుందాం," అంది అక్క.

"ఏ కాలితో రమ్మంటావు, అక్కా?"

అక్క ఆ రెండు కాళ్ల వైపూ చూసింది. చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి.